తాతముత్తాతల పేర్లు – సర్కారు పుస్తకాలు

మన పెద్దల్లో ఎవరినైనా "మీ ఖాందాన్ ఎక్కడిది?" అని అడిగి చూడండి. బీజాపూరు అనో, ఢిల్లీ అనో, ఇంకా కొంచెం హుషారైనవారు అరబ్బు దేశమనో జవాబు చెబుతారు. సరే, మీ పర్‌దాదా గారి పేరేమిటి, ఏ ఊళ్లో పుట్టారు, ఏ ఖబరస్తాన్‌లో ఉన్నారు అని రెండో ప్రశ్న వేస్తే మాత్రం ఇంట్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నాలుగు వందల ఏళ్ల కిందటి సంగతి తెలిసినవారికి నూరేళ్ల కిందటి సంగతి తెలియదు!

షజరా రాసి పెట్టుకున్న ఇళ్లు లేకపోలేదు. సయ్యద్ ఖాందాన్లలో, దర్గా ముతవల్లీల ఇళ్లలో, ఇనాం భూములున్నవారి పెట్టెల్లో అవి ఉంటాయి. నిజం చెప్పాలంటే అక్కడ షజరా అనేది గౌరవం కోసం మాత్రమే కాదు, హక్కు కోసం కూడా. వారసుడెవరో తేలాలి గదా! ఇక బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగినవారు, దూదేకినవారు, గాజులమ్మినవారు, టాంగా తోలినవారు, వీరి షజరా ఎవరు రాశారు? ఎవరూ రాయలేదు. వీరి పేర్లు ఎక్కడైనా మిగిలాయంటే సర్కారు వారి జనన మరణ రిజిస్టర్లలో, ఖాజీగారి సియాహాలో, స్కూలు పుస్తకాల్లో మిగిలాయి. ఆ పుస్తకాలు ఎలా పుట్టాయి, వాటిలో మనవారిని ఎలా వెదకాలి అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

ఈ పని మనకు కొత్తదేమీ కాదు. హదీసు పండితులు ఒక మాట విన్నప్పుడు, ఎవరు చెప్పారు, వారికెవరు చెప్పారు అని గొలుసు అడిగేవారు. ఇస్నాద్ అంటే అదే. ఫలానా వారు ఫలానా వారి నోట విన్నానంటే, ఈయన పుట్టిందెప్పుడు, ఆయన పోయిందెప్పుడు, ఇద్దరూ ఒక కాలంలో ఒక చోట కలిసే అవకాశం ఉందా అని లెక్క చూసేవారు. అస్మావుర్రిజాల్ అనే శాస్త్రమే ఇందుకోసం పుట్టింది. ఖాందాన్ చరిత్ర వెదికేవారికి ఇంతకన్న మంచి పాఠం లేదు. పేరు కలిసింది గదా అని మన తాత అనుకోరాదు. తండ్రి పేరు కలవాలి, ఊరు కలవాలి, వయసు కలవాలి.

ఈ వెదుకులాట బాగా సాగే దేశం ఎలా ఉంటుందో మొదట చూద్దాం. ఇంగ్లండు, వేల్సులలో 1837 జూలై 1 నుంచి జననాలు, వివాహాలు, మరణాలు సర్కారు నమోదు చేయసాగింది. అంతకు ముందు 1538 నుంచి చర్చీ పుస్తకాలు ఉండేవి గాని అవి బాప్తిస్మానికి, ఖననానికి సంబంధించినవి. కొత్త పద్ధతిలో ఊరి రిజిస్ట్రారు తన పుస్తకంలోని ఎంట్రీల నకళ్లను మూడు నెలలకొకసారి లండనుకు పంపేవాడు. అక్కడ గుమాస్తాలు దేశం మొత్తానికి కలిపి, ఇంటిపేర్ల అక్షర క్రమంలో ఒక ఫెహ్రిస్తు తయారు చేసేవారు. దాన్నే ఇండెక్సు అంటారు. జననాలకు ఎర్ర అట్ట, వివాహాలకు ఆకుపచ్చ, మరణాలకు నల్ల అట్ట. ఒక్కొక్క పుస్తకం ఎత్తాలంటే భుజం నొప్పి పుట్టేంత బరువు. ఇప్పుడు అవన్నీ కంప్యూటరులో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

ఇండెక్సులో ఉండేది చాలా కొద్ది: పేరు, ఏ త్రైమాసికం, ఏ జిల్లా, ఎన్నో సంపుటం, ఎన్నో పేజీ. అది అసలు కాగితం కాదు, అసలు కాగితానికి తాళంచెవి. ఆ నంబర్లు రాసి రుసుము కడితే సర్టిఫికెట్టు వస్తుంది. జనన పత్రంలో తండ్రి పేరు, వృత్తి, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. ఆ రెండు పేర్లు పట్టుకుని, బిడ్డ పుట్టిన సంవత్సరం నుంచి వెనక్కి నడుస్తూ వారి వివాహం ఇండెక్సులో వెదకాలి. వివాహ పత్రంలో పెళ్లికొడుకు తండ్రి పేరు, పెళ్లికూతురు తండ్రి పేరు ఉంటాయి. అంటే ఒక తరం పైకి ఎక్కినట్టే. మళ్లీ వారి జననం, మళ్లీ వివాహం... ఇలా మెట్టు మెట్టుగా 1837 దాకా పోవచ్చు. 1866 నుంచి మరణాల ఇండెక్సులో వయసు కూడా వేశారు. 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి జననాల ఇండెక్సులో తల్లి పుట్టింటి పేరు కూడా అచ్చయింది. ఒకే పేరుగలవారు పదిమంది ఉన్నప్పుడు ఈ చిన్న చిన్న గుర్తులే దారి చూపుతాయి. మనలో షేక్ అహ్మద్‌లు ఎందరో, వారిలో జాన్ స్మిత్‌లు అందరు!

మన హైదరాబాదుకు బాగా తెలిసిన ఒకరి ఉదాహరణ చెబుతాను. మార్మడ్యూక్ పిక్తాల్ సాహెబు నిజాం ప్రభుత్వ కొలువులో చేరి 1925 నుంచి 1935 దాకా ఇక్కడ ఉన్నారు. ఛాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాలుగా పనిచేశారు, "ఇస్లామిక్ కల్చర్" పత్రిక నడిపారు, పవిత్ర ఖుర్‌ఆన్‌కు ఆయన చేసిన ఆంగ్లానువాదం 1930లో వెలువడింది. ఆయన లండనులో పుట్టింది 1875 ఏప్రిల్ 7న. అక్కడ బిడ్డ పుట్టిన 42 రోజుల లోపల నమోదు చేయించాలి. కాబట్టి ఆయన జననం 1875 జూన్ త్రైమాసికంలో వెదకాలి. ఆ సంవత్సరానికి ఇంకో విశేషం ఉంది. నమోదు చేయించే బాధ్యత తల్లిదండ్రులదేనని, చేయించకపోతే జరిమానా అని చట్టం అమలులోకి వచ్చింది 1875 జనవరి 1 నుంచే. ఆయన వఫాత్ 1936 మే 19న, కార్న్‌వాల్‌లో. అది 1936 జూన్ త్రైమాసికం ఫెహ్రిస్తులో, 61 ఏళ్ల వయసు గుర్తుతో వెదకాలి. మొదలు, చివర రెండూ అరగంటలో దొరికే ఏర్పాటు.

మరి అదే కాలంలో ఛాదర్‌ఘాట్ స్కూలులో ఆయన ఎదుట బెంచీల మీద కూర్చున్న మన పిల్లల సంగతి? వారి పుట్టిన తేదీ వారి తల్లిదండ్రులకే సరిగా తెలియదు.

మన దేశంలో రికార్డులు లేవా అంటే ఉన్నాయి. అయితే అవి పుట్టిన కారణమే వేరు. బ్రిటిషు వారు మన పల్లెల్లో చావులు లెక్క రాయించింది వారసత్వం కోసం కాదు, కలరా, మశూచి, ప్లేగు ఎక్కడ చెలరేగుతున్నాయో తెలుసుకోవడానికి. అందుకే పాత మరణ రిజిస్టర్లలో మనిషి పేరు కన్న రోగం గడి మీద శ్రద్ధ ఎక్కువ కనబడుతుంది. కలరా కాదు, మశూచి కాదు అంటే చాలు, జ్వరం అని రాసి పారేసేవారు. 1886లో దేశం మొత్తానికి ఒక జనన మరణ నమోదు చట్టం వచ్చింది గాని అది ముఖ్యంగా క్రైస్తవులు మొదలైనవారిని ఉద్దేశించింది, పైగా నమోదు వారి ఇష్టం. మద్రాసు రాజధానిలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాల్లో, 1899 నాటి మద్రాసు చట్టం నడిచింది. పల్లెలో గ్రామ మునసబు పుస్తకం రాసేవాడు, తలారి కబురు తెచ్చేవాడు. నిజాం రాజ్యంలో ఆ పని పోలీసు పటేలుది. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో చేశారు. 1970 ఏప్రిల్ 1 నుంచి చాలా రాష్ట్రాల్లో అది అమలయింది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో మునసబు, కరణం, పటేలు, పట్వారీ పదవులన్నీ ఒక్క కలంపోటుతో రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పుస్తకాలు ఈ ఇంటి నుంచి ఆ ఆఫీసుకు, ఆ ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మోసుకుపోబడ్డాయి. చట్టం ప్రకారం జనన మరణ రిజిస్టర్లు శాశ్వత రికార్డు, నాశనం చేయరాదు. చెదపురుగుకు ఆ నిబంధన ఎవరు చదివి వినిపిస్తారు?

ఇంగ్లండుకు, మనకు అసలు తేడా పుస్తకాలు ఉండటం, లేకపోవటం కాదు. తేడా ఇండెక్సు. మన పాత రిజిస్టరు ఊరు వారీగా, తేదీ వారీగా ఉంటుంది. పేరు చెబితే దొరకదు. ఊరు చెప్పాలి, సంవత్సరం చెప్పాలి. పోయి ఆఫీసులో "మా తాత పేరు షేక్ ఇమామ్, చూసి పెట్టండి" అంటే గుమాస్తా నవ్వక ఏం చేస్తాడు? కాబట్టి మన ఇండెక్సు మనమే తయారు చేసుకోవాలి. అది ఇంట్లో పెద్దల దగ్గర మొదలవుతుంది.

పెద్దలు తేదీలు చెప్పరు, సంఘటనలు చెబుతారు. "తుఘ్యానీ ముందు ఏడాది మా అబ్బా పుట్టారట" అంటే మూసీ వరద 1908 సెప్టెంబరులో వచ్చింది కనుక 1907 అని లెక్క. "పోలీసు చర్యలో నేను చంకలో ఉన్నాను" అంటే 1947 లేక 48. ఇన్‌ఫ్లుయెంజా జ్వరాలలో పోయారంటే 1918. దివిసీమ వైపు వారైతే ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తర్వాత అంటారు, అది 1977 నవంబరు 19. ఇలా సంవత్సరాన్ని ఇరుకు చేసుకుని ఆఫీసుకు పోవాలి. ఎందుకంటే రిజిస్టరు వెదికించడానికి రుసుము సంవత్సరానికి ఇంత అని ఉంటుంది. పదేళ్లు వెదకమంటే పదింతలు. రుసుము పెద్దదేమీ కాదు, గుమాస్తా ఓపికే పెద్దది.

రెండో ఆధారం స్కూలు పుస్తకం. మా ఉర్దూ బడుల్లో దాన్ని దాఖిల్ ఖారిజ్ రిజిస్టరు అంటారు. పేరు, తండ్రి పేరు, వృత్తి, ఊరు, పుట్టిన తేదీ అన్నీ ఉంటాయి. కాని ఒక హెచ్చరిక చేయాలి. పుట్టిన తేదీ జూలై 1 అని గాని, జూన్ 1 అని గాని కనబడితే దాన్ని సగమే నమ్మండి. తండ్రి "ఆరేళ్లుంటాయి సాబ్" అంటే హెడ్మాస్టరు గారు వేసిన తేదీ అది. ఆయనను తప్పుపట్టడం లేదు. గడి ఖాళీగా వదలకూడదు గదా! సంవత్సరం దాదాపు నిజం, రోజు మాత్రం హెడ్మాస్టరుగారిది.

జనన రిజిస్టరులో మనవారికి ఎదురయ్యే ముఖ్యమైన చిక్కు పేరు లేకపోవడం. బిడ్డ పుట్టిన రెండో రోజునో, మూడో రోజునో తలారి కబురు చేరవేసేవాడు. మన ఇళ్లలో పేరు పెట్టేది ఏడో రోజున అఖీఖాకు. అందుచేత పుస్తకంలో "ఫలానా సాయిబుకు మగశిశువు" అని ఉంటుంది, అంతే. పేరు తర్వాత ఎవరూ పోయి రాయించలేదు. కాబట్టి జనన రిజిస్టరులో తాతగారి పేరు వెదకకండి, తాతగారి తండ్రి పేరు వెదకండి. ఆ పేరైనా తెలుగు కరణం చెవికి ఎలా వినబడితే అలా ఉంటుంది. మహబూబ్ అన్నది మాబు అవుతుంది, ముహమ్మద్ ఒకచోట మహమ్మదు, ఇంకోచోట మామ్ము. పట్నంలో "షేక్ ముహమ్మద్ ఇస్మాయిల్" అయిన మనిషి పల్లె పుస్తకంలో "ఇస్మాలు సాయిబు" అయి కూర్చుంటాడు. నోటితో పైకి చదివితేనే అది మన తాత అని తెలుస్తుంది.

ఆడవారి పేర్ల విషయం ఇంకా కష్టం. దీన్ని గురించి కొంచెం వివరంగా రాయాలి.

మన సభ్యుల్లో ఒకరి తల్లిగారు, ఎనభై అయిదు దాటిన పెద్దమ్మ, ఉన్నారు. ఆమెకు మూడేళ్ల వయసులో కన్నతల్లి పోయింది. తండ్రి మళ్లీ నికాహ్ చేసుకున్నారు. సవతి తల్లి మంచిదే, ప్రేమగా పెంచింది. ఇంట్లో ఎవరూ పోయినామె పేరు ఎత్తలేదు, పిల్ల బాధపడుతుందని కాబోలు. ఎప్పుడైనా అవసరమైతే "మర్హూమా" అనేవారు. అడగవలసిన వయసు వచ్చేసరికి చెప్పగలవారు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇప్పుడు ఆమెకు ఒకటే కోరిక: "బాబూ, ఎనభై ఏళ్లుగా అమ్మ కోసం దుఆ చేస్తున్నాను. ఒక్కసారి పేరు పెట్టి చేయాలని ఉంది."

కొడుకు ముందు మరణాల రిజిస్టరు వెదికించాడు. ఊరి పుస్తకంలో ఎంట్రీ దొరికింది. "ఫలానా సాహెబు భార్య, జ్వరం" అని ఉంది. పేరు లేదు. తల్లి జననం వెదికించాడు. "ఫలానా సాహెబుకు ఆడశిశువు." అంతే. రెండు పుస్తకాల్లోనూ ఆమె ఉంది, రెండింటిలోనూ ఆమె పేరు లేదు.

అప్పుడు ఆ కాగితాలు తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను అడిగింది, అమ్మగారికి అన్నలెవరైనా ఉన్నారా అని. ఉన్నారు, ఒకరు, పెద్దవారు, ఆయనా ఇప్పుడు లేరు. ఆయన చదివిన బడిలో దాఖిల్ ఖారిజ్ చూస్తే పుట్టిన సంవత్సరం 1344 ఫసలీ అని ఉంది, అంటే 1934–35. తొలి బిడ్డ ఆయనే కనుక నికాహ్ అంతకు ముందు నాలుగైదేళ్లలో జరిగి ఉండాలి. ఇక ఆ ఖాజీ గారి సియాహా ఎక్కడుందో వెదకాలి. ఖాజీ గారి మనుమల మధ్య ఆస్తి పంపకంలో పుస్తకాలు కూడా పంచుకున్నారు! మూడో ఇంట్లో, ఇనుప ట్రంకులో, పాత రజాయిల కింద దొరికాయి. 1340 ఫసలీ నుంచి ఒక్కొక్క పేజీ తిరగేశాం. 1342లో వరుడి పేరు, వరుడి తండ్రి పేరు, ఊరు కలిశాయి. వధువు పేరు నిండుగా రాసి ఉంది, తండ్రి పేరుతో సహా. మెహర్ ఎంతో ఉంది. వకీలు ఎవరు, గవాహులు ఎవరు, అన్నీ ఉన్నాయి. అదే వరుడికి ఎనిమిదేళ్ల తర్వాత ఇంకో నికాహ్ ఎంట్రీ కూడా దొరికింది, వధువు తండ్రి పేరు వేరు. అది సవతి తల్లిది. ముందుగా అది చూసి ఉంటే అదే అనుకుని సంతోషపడి వచ్చేసేవారు. గొలుసు సరిచూడాలి అని పైన చెప్పింది ఇందుకే.

ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆ ఇంటివారి అమానత్. పెద్దమ్మ ఆ పేరు విని రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత తన పెద్ద మనుమరాలి వంక చూసి, "దీనికి ఆ పేరు పెట్టి ఉండేదాన్ని" అంది. సియాహాలో వధువు తండ్రి ఊరు కూడా ఉండటంవల్ల ఆ ఇంటికి కొత్తగా ఒక ననిహాల్ దొరికింది. రాకపోకలు మొదలయ్యాయి.

ఖాజీ పుస్తకాల చరిత్ర కూడా రెండు మాటల్లో చెబుతాను. బ్రిటిషు ప్రభుత్వం 1864లో ఖాజీల నియామకం మానుకుంది. ఖాజీ లేనిదే మా పెళ్లిళ్లు, పత్రాలు ఎలా అని మనవారు మొరపెట్టుకోగా 1880లో ఖాజీల చట్టం వచ్చింది. దానివల్ల ఖాజీకి తీర్పు చెప్పే అధికారమేమీ రాలేదు, ఆయన లేని నికాహ్ చెల్లదని కూడా అందులో లేదు. అయినా పుస్తకం రాసే ఆచారం నిలిచింది. మనకు కావలసింది అదే.

ఇక తేదీల లెక్క. నిజాం ఇలాఖా కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఆజర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. ఆజర్, దై నెలలకు 590 కలపాలి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ వరకు 591. మధ్యలోని బహ్మన్ డిసెంబరు, జనవరి రెండింటిలోనూ పడుతుంది కనుక తారీఖు చూసుకోవాలి. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫసలీ ఆబాన్ అవుతుంది. మద్రాసు జిల్లాల ఫసలీ మాత్రం జూలై 1న మొదలు, రెండూ ఒకటనుకుంటే లెక్క తప్పుతుంది. ఉర్దూ అంకెల్లో రెండు, మూడు ఒకేలా కనబడతాయి, పంటి సంఖ్య లెక్కించి చదవాలి. సమాధి రాళ్ల మీద వయసు హిజ్రీ లెక్కన ఉంటే, డెబ్బై అన్నది మన లెక్కకు అరవై ఎనిమిదే.

చట్టం సంగతి తెలిసి ఉంటే ఆఫీసులో నోరు పెగులుతుంది. 1969 చట్టం 17వ సెక్షను ప్రకారం ఎవరైనా రుసుము కట్టి రిజిస్టరు వెదికించి నకలు తీసుకోవచ్చు. మరణ నకలులో కారణం మాత్రం రాసి ఇవ్వరు, అది చట్టమే వద్దంది. ఎంట్రీ లేకపోతే "లేదు" అని నోటిమాటగా విని వచ్చేయకండి. లభ్యం కాలేదన్న పత్రం అడగండి. ఆ లేదన్న కాగితం కూడా తర్వాత పనికొస్తుంది. ఏడాది దాటిన జననం ఇప్పుడు నమోదు చేయించాలంటే అదే మొదటి మెట్టు, ఆపైన ఆర్డీవో ఆఫీసు. కంప్యూటరుకు ఎక్కినవి మీసేవలో దొరుకుతాయి, పాతవాటికి కాళ్లు అరగదీయవలసిందే. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గరనుంచి పాస్‌పోర్టు దాకా జనన పత్రమే ఆధారమని చట్టం సవరించారు. కాబట్టి అఖీఖా పేరు ఆలస్యమైనా సరే, తర్వాత పోయి రిజిస్టరులో రాయించండి. పదిహేనేళ్ల దాకా అవకాశం ఉంది.

మన సొసైటీ చేయగలిగిన పని ఒకటి ఉంది. మయ్యిత్ సహాయం పుస్తకం మన ఆఫీసులోనే ఉంది. దానిలోని పేర్లను అక్షర క్రమంలో ఒక ఫెహ్రిస్తుగా రాద్దాం. పేరు, తండ్రి పేరు, ఆడవారికి భర్త పేరుతో పాటు తప్పకుండా సొంత పేరు, తండ్రి పేరు, తేదీ, పేజీ నంబరు. ఇద్దరు చదువుకున్న పిల్లలు నాలుగు శుక్రవారాలు కూర్చుంటే తయారవుతుంది. తర్వాత పాత ఖాజీల ఇళ్లకు పోయి, సియాహాలు అడిగి తీసుకోకుండా అక్కడే ఫోటోలు తీద్దాం. పుస్తకం వారింట్లోనే ఉంటుంది, ఫెహ్రిస్తు మన దగ్గర ఉంటుంది. ఇళ్లలో ఉర్దూ, ఫార్సీ కాగితాలున్నవారు, చదవడం రాక కట్టి పెట్టినవారు, ఆదివారం అసర్ తర్వాత సొసైటీ ఆఫీసుకు తీసుకురండి. చదివి పెడతాను. నకలు తీసుకురండి, అసలు ఇంట్లోనే ఉంచండి.